సింప్లెక్స్ పద్ధతి: చివరి వరుసలో దాగిన కౌలు, వడ్డీ, కూలి

ఒక రైతుకు పది ఎకరాల సొంత భూమి ఉంది. చేతిలో 8 లక్షల పెట్టుబడి ఉంది. సీజన్ మొత్తం మీద ఊళ్లో దొరికే కూలీలు 600 పనిదినాలకు మించరు. వెయ్యదగ్గ పంటలు మూడు: మిర్చి, పత్తి, మొక్కజొన్న. మిర్చికి ఎకరానికి 2 లక్షల పెట్టుబడి, 100 పనిదినాలు కావాలి. ఖర్చులన్నీ పోను 75 వేలు మిగులుతుంది. పత్తికి 50 వేల పెట్టుబడి, 40 పనిదినాలు, లాభం 30 వేలు. మొక్కజొన్నకు 30 వేల పెట్టుబడి, 20 పనిదినాలు, లాభం 20 వేలు. ఇవి లెక్క సులువుగా నడవడానికి ఎంచుకున్న అంకెలే తప్ప ఏ యేటి మార్కెట్ ధరలూ కావు. ఏ పంట ఎన్నెకరాలు వేస్తే లాభం అత్యధికమవుతుందన్నదే ప్రశ్న.

ఎకరానికి ఎక్కువ మిగిల్చేది మిర్చి కాబట్టి దాన్నే వేద్దామంటే, నాలుగెకరాలకే 8 లక్షలూ అయిపోతాయి. లాభం 3 లక్షలు. ఆరెకరాలు బీడు పడి ఉంటాయి. పెట్టిన రూపాయికి ఎక్కువ తెచ్చేదాన్ని చూద్దామంటే అది మొక్కజొన్న. పదెకరాలూ అదే వేస్తే 2 లక్షలు వస్తాయి, 5 లక్షల పెట్టుబడి వాడకుండా మిగిలిపోతుంది. రెండింటికీ మధ్యలో ఉన్న పత్తి ఒక్కటే వేసినా 3 లక్షల దగ్గరే ఆగుతుంది. అసలు జవాబు 3 లక్షల 90 వేలు. అది 2 ఎకరాల మిర్చి, 8 ఎకరాల పత్తితో వస్తుంది. రూపాయికి అన్నిటికంటే ఎక్కువ తెచ్చే మొక్కజొన్నకు ఆ ప్రణాళికలో చోటే లేదు. ఎందుకు లేదో, లేదని ఎలా నమ్మాలో చెప్పేది సింప్లెక్స్ పద్ధతి.

డిగ్రీ, ఎంబీఏ, సీఎంఏ (కాస్ట్ అకౌంటెన్సీ) తరగతుల్లో ఈ పద్ధతిని పెద్ద పట్టికగా నేర్పుతారు. ఏ నిలువు వరుస ఎంచుకోవాలి, ఏ అడ్డు వరుసను దేనితో భాగించాలి అన్నది విద్యార్థికి యాంత్రికంగా అలవాటవుతుంది. పరీక్షకు అది సరిపోతుంది. కానీ పట్టికలోని ప్రతి అంకెకూ ఒక అర్థం ఉంది. ముఖ్యంగా చివరి పట్టికలోని చివరి వరుస చదవడం రాకపోతే, లెక్క మొత్తం చేసి సగం జవాబును అక్కడే వదిలేసినట్టే. అందుకే ఇక్కడ పట్టికను పక్కన పెట్టి, అదే లెక్కను సమీకరణాలుగా రాద్దాం.

మిర్చి ఎకరాలు మ, పత్తి ఎకరాలు ప, మొక్కజొన్న ఎకరాలు జ అనుకుందాం. వాడకుండా మిగిలిన భూమి భూ, మిగిలిన పెట్టుబడి పె, మిగిలిన పనిదినాలు కూ. పాఠ్యపుస్తకాల్లో స్లాక్ చలరాశులంటే ఈ మిగుళ్లే. లాభాన్ని వేల రూపాయల్లో, పెట్టుబడిని పదివేల రూపాయల్లో కొలిస్తే:

భూ = 10 − మ − ప − జ
పె = 80 − 20మ − 5ప − 3జ
కూ = 600 − 100మ − 40ప − 20జ
లాభం = 75మ + 30ప + 20జ

ఈ ఆరు రాశుల్లో ఏదీ సున్నా కంటే తగ్గకూడదు. 'మించకూడదు' అనే షరతులన్నీ ఆ ఒక్క మాటలోకి వచ్చేశాయి.

పరిమితులన్నీ సరళ రేఖలూ సమతలాలూ అయినప్పుడు, సాధ్యమైన ప్రణాళికలన్నీ కలిసి చదునైన ముఖాలున్న ఒక ఘనాకారం అవుతాయి. గరిష్ఠ లాభమనేది ఉంటే, ఆ ఆకారపు మూలల్లో కనీసం ఒకచోట దొరికి తీరుతుంది. ముఖం మధ్యలో ఎక్కడో ఉన్నప్పుడు ఏదో ఒక దిక్కుగా కదిలితే లాభం పెరుగుతుంది, లేదా అలాగే ఉంటుంది. ఆ దిక్కునే వెళ్తూ ఉంటే చివరికి మూలకే చేరతాం. మూల అంటే ఇక్కడ ఆరు రాశుల్లో మూడు సున్నాలైన చోటు. ఆరింటిలో మూడింటిని ఎంచుకునే పద్ధతులు 20. ఇంతవరకైతే అన్నీ రాసి చూడొచ్చు. 50 పంటలు, 50 పరిమితులు ఉంటే ఆ సంఖ్య 1 పక్కన 29 సున్నాలు దాటుతుంది. ఏ కంప్యూటరూ అన్నీ రాసి చూడలేదు. సింప్లెక్స్ అన్నిటినీ చూడదు. ఒక మూలలో నిలబడి, లాభం పెరిగే పక్క మూలకు మాత్రమే జరుగుతుంది.

మొదటి మూల ఏమీ వెయ్యకపోవడం. మ, ప, జ మూడూ సున్నా, లాభం సున్నా. లాభం సమీకరణంలో మూడు గుణకాలూ ధనాత్మకంగానే ఉన్నాయి. అంటే దేన్ని పెంచినా లాభం పెరుగుతుంది. అన్నిటికంటే పెద్ద గుణకం 75, మిర్చిది. దాన్నే పెంచుదాం. ఎంతవరకు? భూమి పదెకరాల దాకా ఒప్పుకుంటుంది, పెట్టుబడి 80ని 20తో భాగిస్తే నాలుగు దాకా, కూలీలు ఆరు దాకా. అన్నిటికంటే ముందు అడ్డుపడేది పెట్టుబడి. నిష్పత్తుల్లో కనిష్ఠాన్నే ఎంచుకోవాలన్న నియమానికి కారణం ఇంతే. నాలుగు దాటితే పె రుణాత్మకమవుతుంది, అంటే లేని డబ్బు ఖర్చు పెట్టినట్టు. గుణకం సున్నాగానో, వ్యతిరేక దిక్కులోనో ఉన్న వరుసను ఈ పోలికలో వదిలేయడానికీ అదే కారణం. ఈ పంట పెరగడం వల్ల ఆ వనరు తరగడం లేదు, కాబట్టి అది అడ్డు కాదు. పరీక్షల్లో తప్పు జరగడానికి వీలున్న చోటు ఇది. కారణం తెలిస్తే నియమాన్ని బట్టీ పట్టక్కర్లేదు.

ఇప్పుడు మ లోపలికి వచ్చింది, పె సున్నా అయింది. రెండో సమీకరణం నుంచి మ విలువ తీసి మిగతా వాటిలో పెడితే:

మ = 4 − 0.25ప − 0.15జ − 0.05పె
భూ = 6 − 0.75ప − 0.85జ + 0.05పె
కూ = 200 − 15ప − 5జ + 5పె
లాభం = 300 + 11.25ప + 8.75జ − 3.75పె

ఇక్కడ కాసేపు ఆగాలి. పత్తి గుణకం 30 ఉండేది, ఇప్పుడు 11.25 అయింది. పత్తి లాభం తగ్గలేదు. కానీ డబ్బంతా మిర్చిలో ఉంది కాబట్టి ఎకరం పత్తి వెయ్యాలంటే పావు ఎకరం మిర్చి తీసెయ్యాలి. ఆ పావు ఎకరంతో పోయేది 18.75 వేలు. 30 నుంచి అది తీసేస్తే 11.25. ఒక పంట వల్ల నికరంగా వచ్చేది దాని లాభం మాత్రమే కాదు, దానికోసం వదులుకున్నది పోను మిగిలేదని ఈ వరుస చెబుతోంది. మన పుస్తకాల్లో సీజే మైనస్ జెడ్‌జే అని రాసే వరుస ఇదే. కొన్ని పుస్తకాలు జెడ్‌జే మైనస్ సీజే అని తిప్పి రాస్తాయి. అప్పుడు గుర్తులు తారుమారవుతాయి గానీ విషయం మారదు.

ఇంకా రెండు ధన గుణకాలున్నాయి కాబట్టి పని అయిపోలేదు. పెద్దది పత్తిది. పత్తిని పెంచితే మిర్చి 16 ఎకరాల దగ్గర, భూమి 8 దగ్గర, కూలీలు 13.33 దగ్గర అడ్డుపడతాయి. భూమే ముందు అయిపోతుంది. భూ స్థానంలో ప వస్తుంది:

ప = 8 − (17/15)జ − (4/3)భూ + (1/15)పె
మ = 2 + (2/15)జ + (1/3)భూ − (1/15)పె
కూ = 80 + 12జ + 20భూ + 4పె
లాభం = 390 − 4జ − 15భూ − 3పె

చివరి వరుసను చూడండి. జ, భూ, పె ఏవీ రుణాత్మకం కాలేవు. వాటి ముందున్న గుర్తులన్నీ మైనస్‌లే. కాబట్టి ఏ ప్రణాళిక వేసినా, ఎంత తెలివిగా వేసినా, లాభం 390 వేలకు మించడానికి వీల్లేదు. ఇది నమ్మకం మీద ఒప్పుకోవాల్సిన మాట కాదు. ఆ ఒక్క వరుసే రుజువు. పద్ధతి ఎక్కడ ఆగాలో చెప్పే నియమం, ఇంతకంటే మంచి జవాబు లేదన్న నిరూపణ, రెండూ ఒకే వరుసలో ఉండటం సింప్లెక్స్‌లోని అసలు అందం.

మొక్కజొన్న ముందు మైనస్ 4 ఎందుకొచ్చిందో పై వరుసల్లోనే ఉంది. ఎకరం మొక్కజొన్న వేస్తే పత్తి 17/15 ఎకరాలు తగ్గుతుంది, మిర్చి 2/15 ఎకరం పెరుగుతుంది. మొక్కజొన్న తెచ్చేది 20, పత్తితో పోయేది 34, మిర్చితో వచ్చేది 10. కలిపితే 4 వేలు నష్టం. రూపాయికి ఎక్కువ తెస్తుందన్నది నిజమే గానీ, భూమి కూడా కొరతగా ఉన్నప్పుడు ఆ ఒక్క కొలత చాలదు.

ఇప్పుడు మైనస్ 15ను చదవాలి. ఒక ఎకరం వాడకుండా వదిలేస్తే 15 వేలు పోతుంది. తిరగేస్తే, ఇంకో ఎకరం చేతికొస్తే 15 వేలు అదనంగా వస్తుంది. కాబట్టి పక్క చేను కౌలుకు వస్తుందంటే ఈ రైతు ఎకరానికి ఇవ్వగల గరిష్ఠ కౌలు 15 వేలు. దానికి పైన ఎంతిచ్చినా చేతినుంచి పోయేదే. ఎకరం పత్తికి 30 వేలు మిగులుతుంది కదా, 25 వేలు కౌలిచ్చినా ఐదు వేలు లాభమే అనిపించడం సహజం. ఆ లెక్కలో తప్పెక్కడుందో సమీకరణాలు చూపిస్తాయి. అదనపు ఎకరానికి అదనపు డబ్బు లేదు. మిర్చిలో మూడో వంతు ఎకరం తగ్గించి, ఆ డబ్బుతో పత్తిని ఒకటిన్నరకు కాస్త తక్కువగా, 4/3 ఎకరాలు పెంచాలి. వచ్చేది 40, పోయేది 25.

మైనస్ 3 పెట్టుబడి ధర. ఇంకో పదివేలు దొరికితే సీజన్‌కు 3 వేలు అదనంగా మిగులుతుంది. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి ఎనిమిది నెలలకు తెస్తే 1,600 కట్టాలి, ఇంకా 1,400 మిగులుతుంది. అదే నాలుగు రూపాయల వడ్డీ అయితే 3,200 అవుతుంది, అప్పు తేవడం నష్టం. ఇక కూ చివరి వరుసలో లేనే లేదు, అంటే దాని ధర సున్నా. మామూలు కూలి ఖర్చు పెట్టుబడిలో ఎలాగూ కలిసే ఉంది. 80 పనిదినాలు మిగిలే ఉన్నప్పుడు ఇంకా మనుషుల్ని రప్పించడానికి మామూలు రేటు మీద ఒక్క రూపాయి ఎక్కువిచ్చినా దండగే.

ఈ ధరలకు హద్దులున్నాయి. వాటినీ అదే సమీకరణాలు చెబుతాయి. అదనంగా తీసుకున్న ఒక్కో ఎకరానికి 20 పనిదినాలు కావాలి, మిగులు 80. కాబట్టి ఎకరానికి 15 వేలన్న లెక్క నాలుగెకరాల కౌలు దాకానే చెల్లుతుంది. పెట్టుబడికైతే ఒక్కో పదివేలకు 4 పనిదినాలు, అంటే 2 లక్షల అప్పు దాకా. ఆ తర్వాత కూలీలే కొరతవుతారు, ధరలన్నీ మళ్లీ మారతాయి. కౌలు, అప్పు రెండూ కలిపి తీసుకుంటే ఆ 80 పనిదినాల్నే రెండూ పంచుకోవాలి. ఈ ధరల్నే పుస్తకాలు షాడో ప్రైస్ అంటాయి. నిర్వచనం రాసి వదిలేసే చోట చెప్పాల్సింది ఇది.

పది ఎకరాలను 15 వేల చొప్పున, 80 పదివేలను 3 వేల చొప్పున వెలకట్టి కూడితే లక్షన్నర, రెండు లక్షల నలభై వేలు, మొత్తం 3 లక్షల 90 వేలు. పంటల వైపు నుంచి వచ్చిన లాభమూ అంతే. మిర్చి వాటా లక్షన్నర, పత్తి వాటా 2 లక్షల 40 వేలు కావడం, అలా భాగాలు కూడా కలవడం, ఈ అంకెల్లో కాకతాళీయం. మొత్తాలు కలవడం మాత్రం సిద్ధాంతం, దాని పేరు డ్యుయాలిటీ. ప్రతి గరిష్ఠ సమస్య వెనుకా వనరులకు వీలైనంత తక్కువ వెల కట్టే కనిష్ఠ సమస్య ఒకటి ఉంటుంది. రెండింటి జవాబూ ఒకటే.

చరిత్రలో ఈ ధరలు సింప్లెక్స్ కంటే ముందే వచ్చాయి. సోవియట్ యూనియన్‌లోని లెనిన్‌గ్రాడ్‌లో ప్లైవుడ్ పరిశ్రమ ప్రయోగశాల ఒకటి, ఏ యంత్రం మీద ఏ రకం చెక్క ఎంతసేపు నడపాలన్న సమస్యను గణిత శాస్త్రజ్ఞుడు లియొనిద్ కంతొరోవిచ్ ముందు పెట్టింది. 1939లో ఆయన ప్రచురించిన చిన్న పుస్తకంలో ప్రతి పరిమితికీ ఒక గుణకం కట్టి, వాటి సాయంతో పరిష్కారం కనుక్కునే పద్ధతి ఉంది. ఆ గుణకాలు మన 15, 3 లాంటివే. వస్తువు విలువంతా శ్రమ నుంచే వస్తుందన్న సిద్ధాంతం రాజ్యమేలుతున్న దేశంలో, భూమికీ యంత్రానికీ గణితమే ధర కడుతుందంటే మింగుడు పడలేదు. ఆయన పనికి అక్కడ గుర్తింపు రావడానికి ఏళ్లు పట్టింది.

అమెరికాలో జార్జ్ డాంజిగ్ వైమానిక దళానికి గణిత సలహాదారుగా ఉంటూ 1947లో సింప్లెక్స్‌ను రూపొందించాడు. మూల నుంచి మూలకు అంచుల వెంట నడవడం మరీ నెమ్మదిగా సాగుతుందేమోనని మొదట ఆయనే దాన్ని పక్కన పెట్టాడు. సమస్యను ఇంకో కోణంలో, నిలువు వరుసల జ్యామితిలో చూశాక గానీ నమ్మకం కలగలేదు. అదే ఏడాది అక్టోబరు 3న ప్రిన్‌స్టన్‌లో గణిత శాస్త్రజ్ఞుడు జాన్ వాన్ నాయ్‌మన్‌ను కలిసినప్పుడు, అప్పటికే ఆటల సిద్ధాంతం మీద పనిచేసిన ఆయన గంటకు పైగా తిరిగి డాంజిగ్‌కే డ్యుయాలిటీ గురించి వివరించాడు.

కొత్త పద్ధతికి తొలి పెద్ద పరీక్ష ఆహార సమస్య మీద జరిగింది. 77 రకాల ఆహార పదార్థాలు, 9 పోషకాలు. ఒక మనిషికి తగినంత పోషణ అందేలా అతి తక్కువ ఖర్చుతో ఏం తినాలి? ఆర్థికవేత్త జార్జ్ స్టిగ్లర్ 1945లో అంచనాల మీద, 1939 ధరల్లో ఏడాదికి 39.93 డాలర్లని తేల్చాడు. 1947లో అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో చేత్తో తిప్పే లెక్కల యంత్రాల మీద సింప్లెక్స్‌తో చేస్తే 39.69 వచ్చింది. దానికి 120 పనిదినాలు పట్టాయి. తేడా 24 సెంట్లే. స్టిగ్లర్ అంచనా ఎంత దగ్గరగా ఉందో ఆశ్చర్యమే, కానీ అది ఎంత దగ్గరో తెలిసింది సింప్లెక్స్ వల్లే. 1975లో ఆర్థికశాస్త్ర నోబెల్ కంతొరోవిచ్‌కూ ఆర్థికవేత్త చాలింగ్ కూప్‌మన్స్‌కూ వచ్చింది. డాంజిగ్‌ను అందులో కలపకపోవడం అన్యాయంగానే కనిపిస్తుంది. ఈ సిద్ధాంతాన్ని లోకం వాడుకునేలా చేసింది ఆయన పద్ధతే.

పద్ధతి తడబడే చోట్లు కొన్ని ఉన్నాయి. పెంచుదామనుకున్న రాశికి ఏ వరుసా అడ్డుపడకపోతే లాభానికి హద్దే లేనట్టు. నిజ జీవితంలో అలా జరగదు కాబట్టి, ఏదో పరిమితి రాయడం మరిచిపోయారని అర్థం. పశుగ్రాసానికి రెండెకరాలైనా మొక్కజొన్న ఉండాలన్నట్టు 'తక్కువ కాకూడదు' అనే షరతు వస్తే, ఏమీ వెయ్యని మూల నుంచి మొదలుపెట్టడం కుదరదు. అప్పుడు మొదలుపెట్టడానికి తాత్కాలికంగా కృత్రిమ చలరాశులు చేర్చి, వాటికి భారీ జరిమానా వేసే బిగ్ ఎమ్ పద్ధతిలోనో, ముందు వాటిని సున్నా చేసి తర్వాత అసలు లెక్క చేసే రెండు దశల్లోనో వాటిని బయటికి పంపాలి. కనిష్ఠ నిష్పత్తి రెండు వరుసల్లో సమానంగా వస్తే, తర్వాతి అడుగుల్లో లాభం పెరగకుండా ఒకే చోట తిరిగే ప్రమాదం ఉంది. రాశులకు ముందే క్రమ సంఖ్యలు ఇచ్చి, అర్హత ఉన్నవాటిలో ఎప్పుడూ తక్కువ సంఖ్య ఉన్న రాశినే ఎంచుకుంటే ఆ సుడిలో పడమని 1977లో రాబర్ట్ బ్లాండ్ నిరూపించాడు.

అడుగుల సంఖ్య గురించిన భయం కూడా నిజమేనని 1972లో విక్టర్ క్లీ, జార్జ్ మింటీ చూపించారు. వాళ్లు కావాలని వంకరగా మలిచిన ఆకారం మీద, పెద్ద గుణకాన్ని ఎంచుకునే నియమం అన్ని మూలలూ తిరుగుతుంది. 50 చలరాశులకు సుమారు 1,126 లక్షల కోట్ల అడుగులు. 1984లో బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తున్న నరేంద్ర కర్మార్కర్, మూలల్ని వదిలి ఆకారం లోపలి నుంచి వెళ్లే పద్ధతి ప్రకటించాడు. దానికి అలాంటి గండం లేదు. అయినా సింప్లెక్స్ మూలపడలేదు. నిజమైన సమస్యల్లో అది సాధారణంగా పరిమితుల సంఖ్యకు కొన్ని రెట్ల అడుగుల్లోనే గమ్యం చేరుతుంది. పైగా అంకెలు మారినప్పుడు మొదటి నుంచీ చెయ్యక్కర్లేదు, ఆగిన చోటు నుంచే కొనసాగించవచ్చు.

మన రైతు లెక్కలో మారేది ముఖ్యంగా మిర్చి ధర. గుంటూరు యార్డులో ధర ఎటు పోతుందో విత్తేటప్పుడు ఎవరికీ తెలియదు. మిర్చి లాభం 75కు బదులు 75 + త అనుకుని చివరి వరుసను తిరగరాస్తే, మొక్కజొన్న గుణకం −4 + (2/15)త, భూమిది −15 + (1/3)త, పెట్టుబడిది −3 − (1/15)త అవుతాయి. మూడింటిలో ఏదీ ధనాత్మకం కానంతవరకు ప్రణాళిక మారదు. త −45 నుంచి 30 దాకా ఉండొచ్చు. అంటే మిర్చి లాభం ఎకరానికి 30 వేల దగ్గరున్నా, లక్షా 5 వేలున్నా, రెండెకరాల మిర్చి, ఎనిమిదెకరాల పత్తి అన్నదే సరైన జవాబు. ధర సరిగ్గా ఊహించలేకపోయినా విత్తే నిర్ణయం తప్పనక్కర్లేదు.

లక్షా 5 వేలు దాటితే మాత్రం మొక్కజొన్న గుణకం ధనాత్మకమవుతుంది. మిర్చి రేటు పెరిగితే లోపలికొచ్చే పంట మొక్కజొన్న. దాన్ని పెంచితే తగ్గేది పత్తి ఒక్కటే కాబట్టి పత్తి పూర్తిగా బయటికిపోతుంది. కొత్త ప్రణాళికలో మొక్కజొన్న 7 ఎకరాలకు కాస్త పైన, మిర్చి 3 ఎకరాలకు కాస్త తక్కువ. మిర్చి అంత విలువైనదయ్యాక దానికోసం ప్రతి రూపాయీ కూడబెట్టాలి. మిగిలిన భూమిని అతి తక్కువ డబ్బుతో నింపే పంట మొక్కజొన్నే.